మా ఆయన సర్పంచ్‌గా నిలబడతానంటున్నారు, ఒప్పుకోవచ్చా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆయనకు మండల కేంద్రంలో ఎరువుల అంగడి ఉంది. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. రాబోయే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడమని ఊర్లో పెద్దమనుషులు ఆయన వెంటపడుతున్నారు. ఆయనేమో "ఊరూ చూసుకుంటా, ఇల్లూ చూసుకుంటా, నువ్వు టెన్షన్ పడొద్దు" అంటున్నారు. అది అయ్యే పనేనా, ఒప్పుకునే ముందు ఏం మాట్లాడుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. రెండూ ఒక్క మనిషి చూసుకోవడం అయ్యే పని కాదు. ఆయన ఊరు చూసుకుంటే ఇల్లు మీరు చూసుకుంటారు, అంతే. కానీ ఇల్లు చెడిపోకుండా ఐదేళ్లు నెట్టుకురావడం మాత్రం అయ్యే పనే. అందరూ టైం గురించి మాట్లాడతారు గానీ అసలు సంగతి టైం కాదు. మీ ఇంటి అరుగు ఆఫీసు కాకూడదు. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు ఐదేళ్లు పట్టింది. అర్థమయ్యేలా చేసింది కూడా మా ఇంటామె.

నాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. 2001లో సర్పంచ్ అయినాను. 2006లో జెడ్పీటీసీ, అంటే మా మండలం నుంచి జిల్లా పరిషత్ సభ్యుణ్ని అయినాను. 2011లో గడువు అయిపోయింది, ఆ తర్వాత 2014 దాకా జెడ్పీటీసీ ఎన్నికలే జరగలేదు. 2014లో మళ్లీ నిలబడి ఓడిపోయాను. అప్పటి నుంచి చీనీ తోట చూసుకుంటున్నా. ఏ పార్టీ అని అడగొద్దు, ఈ విషయంలో అన్ని పార్టీల ఇళ్లూ ఒకటే.

అరుగు సంగతి చెప్తాను. గెలిచిన మర్నాడు పొద్దున ఐదున్నరకు తలుపు తీస్తే అరుగు మీద పదకొండు మంది కూర్చోని ఉన్నారు. ఒకరికి పింఛన్ రాలేదు, ఒకరికి రేషన్ కార్డులో కొడుకు పేరు పోయింది, ఇద్దరు అన్నదమ్ములకు గట్టు తగాదా. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఐదుగురు వచ్చారు, అది మాత్రం నిజంగా అర్జెంటు. మా ఇంటామె సంతోషపడింది. మొదటి రోజు కదా, అందరికీ టీ పెట్టింది. ఆ టీ ఐదేళ్లు ఆగలేదు. ఇంట్లో రెండు ఎనుములు ఉండి కూడా పిల్లలకు పెరుగు లేని రోజులున్నాయి.

ఇంకొకటి, మగవాళ్లకు తట్టనే తట్టదు. మాది పాత ఇల్లు. స్నానాల గది ముందువైపు, వాకిట్లో ఉండేది. వాకిట్లో ఎప్పుడూ మగవాళ్లు ఉంటారు కాబట్టి మా అమ్మ, మా ఇంటామె తెల్లవారుజామున నాలుగున్నరకే స్నానాలు ముగించుకునేవాళ్లు. చలికాలంలో కూడా. నేను దాన్ని గమనించింది సర్పంచ్ అయిన మూడో ఏడు. అదీ మా అమ్మకు జలుబు తగ్గక డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఆయన అడిగితే అమ్మ చెప్పింది. ఊర్లో మహిళలకు మరుగుదొడ్లు కావాలని మీటింగుల్లో గట్టిగా మాట్లాడేవాణ్ని. నా ఇంటి ఆడవాళ్లు ఎన్ని గంటలకు లేస్తున్నారో నాకు తెలియదు.

ఇక ఫోన్. 2001లో ఇంటికి ల్యాండ్‌లైన్ వచ్చింది. మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఫోన్ ఎత్తడం, పేరు, పని నోట్‌బుక్కులో రాసిపెట్టడం దాని డ్యూటీ. అలసిపోయినప్పుడు పక్కనే మంచం మీద పడుకొని "నాయన ఇంట్లో లేడని చెప్పు" అనేవాణ్ని. కొన్నాళ్లకు నన్ను అడగడం కూడా మానేసింది. ఎవరికి ఉన్నానని చెప్పాలో, ఎవరికి లేనని చెప్పాలో తనే తేల్చేది. తెలివైన పిల్ల అని నలుగురి ముందు మురిసిపోయేవాణ్ని కూడా.

2004లో ఒక రాత్రి మా ఊర్లో ఒకాయన పురుగుమందు తాగినాడు. బోర్లు ఎండిపోయి, చెనిక్కాయ (వేరుశనగ) పోయి, అప్పులు. అప్పటికి 108 అంబులెన్స్ లేదు, అది 2005లో వచ్చింది. ఊర్లో జీపు ఉన్నది నాకే. వాళ్లింట్లో నుంచి ఫోన్ చేస్తే మా పాప "నాయన లేడు" అని పెట్టేసింది. నేను లోపల నిద్రపోతున్నా. ఆయన్ని ఆటోలో కళ్యాణదుర్గం తీసుకుపోయారు, బతికాడు. ఇప్పటికీ ఉన్నాడు. కానీ పొద్దున సంగతి తెలిసినాక మా పాప వారం రోజులు సరిగా అన్నం తినలేదు. పన్నెండేళ్ల పిల్ల. తప్పు దానిది కాదని ఎంత చెప్పినా ఏం లాభం? అబద్ధం నేర్పింది నేనే కదా.

2006లో జెడ్పీటీసీకి నిలబడమన్నప్పుడు మా ఇంటామె వద్దనలేదు. ఒకటే అంది: "నిలబడు. కానీ ఈసారి అరుగు నాది."

అప్పుడు మండలంలో బస్టాండ్ పక్కన ఒక గది తీసుకున్నా, నెలకు ఆరొందల అద్దె. పొద్దున ఏడు నుంచి పది దాకా అక్కడే ఉంటానని అందరికీ చెప్పించా. ప్రాణం మీదికి వస్తే తప్ప ఇంటికి రావద్దన్నా. మొదట్లో వినలేదు. వచ్చినవాళ్లకు మా ఇంటామె మజ్జిగ ఇచ్చి "ఆయన గదిలో ఉంటాడు పోండి" అని పంపేది, లోపలికి రమ్మనేది కాదు. నాలుగు నెలలకు అలవాటైంది. పాప టెన్త్ చదివిన ఏడాది మా వాకిట్లో కుక్క తప్ప ఎవరూ లేరు.

దీనికి ఖరీదు లేదని చెప్పను. "జెడ్పీటీసీ అయినాక దొర అయిపోయినాడు, ఇంటికి పోతే రమ్మనడు" అన్నారు. 2014లో నేను ఓడిపోవడానికి ఆ గది కూడా ఒక కారణమని మా వాళ్లు ఇప్పటికీ అంటారు. అయ్యుండొచ్చు. మా వైపు ఇంటి గడప తొక్కనివ్వడం అంటేనే మర్యాద. అందుకే మొదలే చెప్తున్నా, ఇల్లు కాపాడుకుంటే కొన్ని ఓట్లు పోతాయి. మీ ఆయన ఆ లెక్కకు సిద్ధమేనా అని అడగండి.

మీ ఆయన పరిస్థితి నాకంటే మేలు. 2019 అక్టోబరు నుంచి ఊర్లలో సచివాలయాలు వచ్చాయి. సర్టిఫికెట్లు, పింఛన్ దరఖాస్తులు అక్కడే. మా రోజుల్లో ప్రతి కాగితానికీ సర్పంచ్ ఇల్లే దిక్కు. ఇప్పుడు ఆయన రోజూ పొద్దున రెండు గంటలు పంచాయతీ ఆఫీసులో కుర్చీ వేసుకొని కూర్చుంటే ఇంటికొచ్చే పని ముప్పావు వంతు తగ్గుతుంది. గెలిచిన మొదటి వారమే మొదలుపెట్టాలి. ఒకసారి అరుగు అలవాటైతే మాన్పించడం కష్టం.

అంగడి గురించి మీరు అడగలేదు, నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే.

ఎరువుల అంగడి అంటేనే సగం అప్పు మీద నడిచేది. జూన్, జులైలో చెనిక్కాయ విత్తే టయానికి సంచులు తీసుకుపోతారు, పంట వచ్చినాక ఇస్తారు. పంట వస్తే. మామూలు అంగడివాడైతే మొహం చూసి, పాత బాకీ చూసి అప్పు ఇస్తాడు. సర్పంచ్‌కు ఆ వీలు లేదు. ఓటేసినోడు అడిగితే లేదనలేడు, ఓటెయ్యనోడు అడిగితే అసలే లేదనలేడు. యూరియా కొరత వచ్చిందంటే "సర్పంచ్ దాచిపెట్టి తనవాళ్లకు ఇస్తున్నాడు" అనే మాట తప్పదు, దాచినా దాచకపోయినా. మా పక్క మండలంలో నా స్నేహితుడికి కిరాణా అంగడి ఉండేది. మంచి వ్యాపారం. సర్పంచ్ అయిన రెండేళ్లకు షట్టర్ దించేశాడు. బాకీల పుస్తకం ఇప్పటికీ దాచుకున్నాడు, మేం పోతే తీసి చూపించి నవ్వుతాడు.

కాబట్టి నామినేషన్ వేసే ముందే అంగడి చేతులు మారాలి. కౌంటర్ మీరు చూస్తారో, మీ మరిది చూస్తాడో, గుమాస్తాను పెట్టుకుంటారో మీ ఇష్టం. అప్పు ఇవ్వాలా వద్దా అనే మాట మాత్రం ఆయన చేతిలో ఉండకూడదు. ఎవరైనా అడిగితే "అంగడి నాది కాదన్నా, ఆమెది, ఆమెనే అడుగు" అని ఆయన చెప్పగలగాలి. అప్పుడు మీకు గయ్యాళి అని పేరు వస్తుంది. రానివ్వండి. ఆ పేరు మీద అంగడి నిలబడుతుంది.

డబ్బు లెక్కకు వస్తే, సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. జీపుకు డీజిల్ కూడా రాదు. 2021 ఎన్నికల్లో ఖర్చు పరిమితి పదివేల జనాభా లోపు ఊరికి లక్షన్నర, దాటితే రెండున్నర లక్షలు. అది కాగితం మీద. నిజం ఎంతో మీ ఊర్లో ఎవరినడిగినా చెప్తారు. నేను 2001లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు 2007లో తీరింది, రెండెకరాలు అమ్మితే. గెలిచినాక ఖర్చు ఆగుతుందనుకోవద్దు. రోడ్డో, కాలువో పని చేయించి బిల్లు పెడితే ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలుసు. సిమెంటు అంగడివాడు మాత్రం నెల తిరక్కుండానే గుమ్మం ముందు ఉంటాడు. సొంత డబ్బు పెట్టి పనులు చేసి బిల్లుల కోసం ఏళ్లకేళ్లు తిరిగిన సర్పంచ్‌లు అన్ని ప్రభుత్వాల కాలంలోనూ ఉన్నారు.

ముట్టుకోకూడనివి ఏవో ముందే కూర్చోని రాసుకోండి. ఇంటి కాగితాలు, పిల్లల పేరు మీద కట్టేది, మీ బంగారం. బంగారం గురించి ఇంకో మాట, నామినేషన్‌తో పాటు ఆస్తుల డిక్లరేషన్ ఇవ్వాలి. అందులో మీ ఒంటి మీదిది కూడా వస్తుంది. సరిగ్గా తూకం వేయించి రాయండి. ఊరంతా చదువుతుంది, మీ ఆడబిడ్డలు ముందు చదువుతారు.

పెళ్లిళ్లు. దీని గురించి ఎవరూ చెప్పరు గానీ రాజకీయ నాయకుడిని ఇంట్లోంచి లాక్కుపోయేది మీటింగులు కాదు, పెళ్లిళ్లు, దినాలు, గృహప్రవేశాలు. 2009 మే నెలలో నేను 43 పెళ్లిళ్లకు పోయాను, డైరీలో ఉంది. ఒక్కో రోజు ఏడు. ప్రతిచోటా చదివింపులు, ప్రతిచోటా ఒక ముద్ద తినకపోతే కోపం. పోకపోతే పదేళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఓదార్పుకు పోకపోతే జీవితాంతం. అందుకే "ఆదివారం ఇంట్లో ఉంటా", "సాయంత్రం ఏడు తర్వాత పిల్లలతో ఉంటా" లాంటి మాటలు నమ్మొద్దు. ఆయన మనస్ఫూర్తిగానే చెప్తాడు, జరగదు.

పంచాంగం చూసుకోండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. పుష్యంలో లేవు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే ఎవరూ పత్రికలు పట్టుకొని రారు. మా ఇంట్లో ఉగాదికి పంచాంగం వస్తే మా ఇంటామె రాశిఫలాలు చూడదు, ఈ ఏడు మూఢం ఎప్పుడో చూస్తుంది. ఊరందరికీ మూఢం, మాకు పండగ. 2008 వేసవిలో శుక్ర మూఢం వచ్చింది, పాప టెన్త్ రాసేసింది. నాలుగు రోజులు మైసూరు, ఊటీ పోయినాం. పిల్లలు నాతో వరుసగా నాలుగు రోజులు గడపడం అదే మొదటిసారి. పిల్లోడికి పన్నెండేళ్లు. హోటల్లో, పార్కులో, ఎక్కడికి పోయినా ఒకటే ఆశ్చర్యం వాడికి, "నాయనా, ఇక్కడ నీకెవరూ నమస్కారం పెట్టడం లేదే" అని. రెండో రోజుకు వాడికి అది బాగా నచ్చింది. నా చెయ్యి పట్టుకొని రోడ్డు మీద నడిచాడు. ఊర్లో అయితే నా చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కావు మరి.

పోలేకపోయిన చోట్ల సంగతి కూడా చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. మా మండలం నుంచి బస్సులు పెట్టారు, మా ఊరి బస్సుకు నేను బాధ్యుణ్ని. అదే రోజు మా బావమరిది నిశ్చితార్థం. తెల్లవారుజామున లేచి బస్సెక్కేశా. మా మామ నాతో ఏడాది మాట్లాడలేదు.

పోయినందుకు నాకిప్పటికీ బాధ లేదు. ఆ పథకం వచ్చినాక మా ఊర్లో బెంగళూరు కూలికి పోవాల్సినవాళ్లు చాలామంది ఆగారు, కళ్లారా చూశా. బాధ దేనికంటే, ముందురోజు రాత్రి మా ఇంటామెకు ఆ సంగతి చెప్పలేదు. చెప్తే గొడవ అవుతుందని. ఆమె పొద్దున లేచి నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టిందట, నిశ్చితార్థానికి. రాలేనని ముందే చెప్పేవాడితో కాపురం చేయొచ్చు. గొడవకు భయపడి చెప్పకుండా పోయేవాడితోనే కష్టం. మీ ఆయన ఇప్పుడు అంగడి విషయాల్లో ఎలా ఉంటారో చూసుకోండి, రేపూ అలాగే ఉంటారు.

ఇక చుట్టాలు. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు, అందుకే అది ఇంటింటి ఎన్నిక అవుతుంది. మీ ఆయన మీద నిలబడేది ఎవరో పరాయివాడు కాదు. దాయాదో, మేనమామో, వరసకు తమ్ముడో. మా జిల్లాలో ఇది పాత సంగతే. 1952లో మొదటి ఎన్నికల్లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డి గారి మీద నిలబడింది ఆయన సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డి గారు, అదీ జైల్లో ఉండి. గెలిచింది కూడా నాగిరెడ్డి గారే. ఓడిన సంజీవరెడ్డి గారు ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి అయ్యారు, రాష్ట్రపతి అయ్యారు. అందరూ ఆ ఇద్దరి గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ కథ గుర్తొచ్చినప్పుడల్లా మధ్యలో ఉన్న నాగరత్నమ్మ గారే గుర్తొస్తారు. ఒక పక్క మొగుడు, ఒక పక్క తోడబుట్టినవాడు. ఓట్ల లెక్కింపు రోజు ఆమె ఎవరి గెలుపు కోరుకొని ఉంటుంది?

నా మీద 2001లో నిలబడింది మా పెదనాయన కొడుకు. రెండు ఇళ్లకూ ఒకటే గోడ. ఎన్నిక తర్వాత మేమిద్దరం పద్నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. ఎదురుపడితే తల తిప్పుకొని పోయేవాళ్లం. కానీ మా ఇంటామె, వాళ్లింటామె గోడ మీద నుంచి కూర గిన్నెలు మార్చుకుంటూనే ఉన్నారు. నాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాణ్ని. వాడికీ తెలుసు. 2015లో మా పాప పెళ్లికి పత్రిక ఇవ్వడానికి నేను పోలేకపోయా, మా ఇంటామె పోయింది. వాళ్లు వచ్చారు. వాడు భోజనం చెయ్యలేదు, అక్షింతలు వేసి పోయాడు. అక్షింతలు వేశాడు కదా, అది చాలు నాకు.

కాబట్టి ఆడవాళ్ల రాకపోకలు ఆపనివ్వొద్దు. "వాళ్లింటికి పోవద్దు" అని మీ ఆయనో, ఆయన వెనక తిరిగే కుర్రాళ్లో అంటారు. వినొద్దు. అలాగే పిల్లల ముందు ఎదుటి వర్గం పేరు ఎత్తనివ్వొద్దు. మీ బాబు బెంచీలో పక్కన కూర్చునేది వాళ్ల పిల్లోడే అయి ఉంటాడు. మా సీమలో వర్గాల వల్ల ఎన్ని ఇళ్లు పాడయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు అంత లేదు, నిజమే. కానీ పిల్లలు "మావాళ్లు, వాళ్లవాళ్లు" అనడం నేర్చుకునేది ఇంట్లో అన్నం దగ్గరే.

రాత్రిపూట మొగుడూపెళ్లాల పంచాయితీలు ఇంట్లో పెట్టనివ్వొద్దు. ఎవరు ఎవర్ని ఎందుకు కొట్టారో ఎనిమిదో తరగతి పాప గోడ పక్క నుంచి వినాల్సిన అవసరం లేదు. పోలీస్ స్టేషన్ రాజీలకు కూడా ఆయన దూరంగా ఉంటే మేలు, కానీ ఉండలేడు లెండి.

మీరు అడగని ఇంకో సంగతి. రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకు. మీ పంచాయతీ మహిళకు రిజర్వ్ అయిందంటే ఈ పెద్దమనుషులే మీ పేరు వేయమంటారు. "సంతకం పెడితే చాలమ్మా, అంతా ఆయన చూసుకుంటాడు" అంటారు. అప్పుడు ఈ సమాధానం అంతా తిరగేసి చదువుకోండి. చెక్కు మీద పంచాయతీ కార్యదర్శితో పాటు ఉండేది మీ సంతకం. ఆడిట్‌లో తేడా వస్తే నోటీసు వచ్చేది మీ పేరు మీద, రికవరీ మీ పేరు మీద. చదవని కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు, మొగుడు అడిగినా. మీరే సర్పంచ్ అయితే మీరే చెయ్యండి. అంగడి చూసుకుంటున్న మనిషికి పంచాయతీ లెక్కలు ఒక లెక్క కాదు.

పదవి కోసం ఇల్లు ఎంత వంగుతుందో చెప్పడానికి ఒకటి గుర్తొచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరు పిల్లలకు మించి ఉంటే పోటీకి అనర్హులు అని ఉండేది. మన రాష్ట్రంలో 2024లో ఎత్తేశారు. ఆ నిబంధన ఉన్న రోజుల్లో, మూడో బిడ్డను తమ్ముడి బిడ్డగా రాయించి బడిలో చేర్పించిన మనిషిని నేను చూశా. ఇంట్లో నాన్న, బడిలో పెదనాన్న. ఐదేళ్ల పదవికి.

ఎమ్మెల్యేల ఇళ్లు ఎలా ఉంటాయని చివర్లో అడిగారు, మీ ఆయన "రేపు అదీ అవుతా" అంటున్నారని. దగ్గర నుంచి చూసింది చెప్తా. నాకు తెలిసిన ఒక ఎమ్మెల్యే కొడుకు ఇంజినీరింగ్ కాలేజీ ఫీజు కోసం తండ్రిని కలవాలని పీఏకు ఫోన్ చేసి "అంకుల్, నాన్న రేపు ఎప్పుడు ఖాళీ" అని అడిగాడు. పీఏ "మధ్యాహ్నం రెండున్నర" అన్నాడు. ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు, అక్కడ కూర్చున్న నాకే గుండె కలుక్కుమంది. అసెంబ్లీ జరిగితే రాత్రంతా ప్రయాణం చేసి వెలగపూడి పోవాలి, నియోజకవర్గంలో ప్రతి ఊర్లోనూ చావులూ పెళ్లిళ్లూ. అదంతా తర్వాతి మాట, ముందు పంచాయతీ దాటనివ్వండి.

ఓడిపోతే ఏంటని కూడా ఆలోచించుకోండి. 2014లో ఫలితం వచ్చిన మర్నాడు మా ఇంటామె అలవాటు కొద్దీ ఐదింటికే లేచి పెద్ద గిన్నెలో టీకి నీళ్లు పెట్టింది. ఎన్నికల నెల కాబట్టి మళ్లీ అరుగు నిండింది కదా, ఆ అలవాటు. పొయ్యి మీద పెట్టినాక గుర్తొచ్చిందట, ఎవరూ రారని. నేనూ ఆమె చెరో రెండు గ్లాసులు తాగి మిగతాది ఎనుములకు కుడితిలో పోశాం. ఆ తర్వాత ఆరు నెలలు నాకు ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఇది మీ ఆయన వయసులో అర్థం కాదు, కానీ ఓడిన మనిషి ఇంటికి వస్తే ఆ ఇంట్లో ఆయనకు చోటు మిగిలి ఉండాలి. పిల్లలు పలకరించేలా ఉండాలి.

మరి ఒప్పుకోవాలా వద్దా అంటే, నా మటుకు ఇది: అంగడి ముందే అప్పజెప్పమని ఒకసారి అడిగి చూడండి. "సరే, ఎవరికిద్దాం" అని ఆయన కూర్చోని మాట్లాడితే నిలబడనివ్వండి, ఊరికి అలాంటివాళ్లు కావాలి. "అదంతా గెలిచినాక చూసుకుందాంలే" అంటే మాత్రం ఈసారికి వద్దని గట్టిగా చెప్పండి. ఐదేళ్ల తర్వాత మళ్లీ వస్తాయి ఎన్నికలు, అప్పటికి పాప డిగ్రీలో ఉంటుంది.

ఇదంతా రాసి మా ఇంటామెకు చదివి వినిపించా. అంతా విని, "పుట్టినిల్లు ఎంత దూరమో అడగలేదే ఆ పిల్లను" అంది. నామినేషన్ల నుంచి లెక్కింపు దాకా ఇంట్లో ఎవరు తింటున్నారో, ఎవరు పడుకుంటున్నారో కూడా తెలియదు, ఆ రోజులు పిల్లలను అక్కడ పెట్టాలట. మాది పద్నాలుగు కిలోమీటర్లు. మీది ఎంత?